పిల్లులు తాగిన పాలు

మా కొట్టంలో ముందు చచ్చినవి పిల్లులు. ఆవులు మేత మానేశాయి, పాలు చిక్కబడి, ఈనకుండానే ముర్రుపాలలా పసుపురంగుకు తిరిగాయి. అమ్మడానికి పనికిరాని ఆ పాలను పారబోయడానికి మా అత్తగారికి మనసొప్పలేదు. పిల్లులకు పోసింది. కొద్దిరోజులకే అవి గుడ్డివాటిలా గోడలకు గుద్దుకుంటూ తిరిగి, ఒక్కొక్కటే గడ్డిలో బిగుసుకుపోయాయి.

"పక్కింటిదే విషం పెట్టింది. ఆ మొహం చూస్తే తెలియట్లా?" అంది అత్తగారు. గోడకు అటొకరూ ఇటొకరూ నిలబడి వీధంతా వినేలా తిట్టుకున్నారు. మరోరోజైతే నేనూ ఓ చెవి వేసి నవ్వుకునేదాన్నే. కానీ పాలు పితుకుతుంటే చుక్క చింది, మా ఆయన కన్ను చింతనిప్పులా ఎర్రబడింది. నాకు భయం పట్టుకుంది.

పశువుల డాక్టరమ్మను పిలిపించాను. ముక్కూ మూతీ కప్పుకుని, కళ్లద్దాలు తగిలించుకుని వచ్చి, పాలు సీసాల్లో పట్టుకెళ్లింది. మర్నాడు గేటు దాటి లోపలికి రాలేదు. అక్కడినుంచే చెప్పింది.

"విషం లేదు, పాడూ లేదు. ఫ్లూ. పక్షులకొచ్చే రకం, మీ ఆవుల పొదుగుల్లో చేరింది. పాల నిండా వైరసే. కాస్తే చస్తుంది, పచ్చివి తాగితేనే ముప్పు. మీవారిని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాత్రలు ఎంత ఆలస్యమైతే అంత తక్కువ పనిచేస్తాయి. పచ్చిపాలు ఇంకెవరన్నా తాగారా?"

"లేదండీ. పొంగు రానిదే నేను గ్లాసులో పొయ్యను."

నిజమే. మా మూడేళ్ల పిల్లకు పచ్చిపాలు పట్టొద్దని అత్తగారితో పోట్లాడి గెలిచినదాన్ని. గెలిచాననే అనుకున్నాను.

నోటికి తాళం పడని మా అత్తగారు నేలచూపులు చూస్తోంది.

"అత్తయ్యా?"

"బలమని... పొదుగు దగ్గర వెచ్చగా ఉంటాయని... రోజూ ఓ గుక్కేనే అమ్మా. అమ్మకి చెప్పనని దాని చేత ఒట్టేయించుకున్నా."

ఆవిడను నాలుగు మాటలు అనాలి. అవి తర్వాత. లోపలికి పరుగెత్తాను.

పిల్ల మంచం మీద ముడుచుకుని ఉంది. ఆ వేళప్పుడు పడుకునే పిల్ల కాదు. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది.

"నానమ్మ నీకు పాలు పట్టిందా, బంగారం?"

పిల్ల కళ్లు తెరవలేదు. ఇచ్చిన మాట తప్పకుండా, తల అడ్డంగా ఊపింది.