ఏసీ వ్యానెక్కిన పాల క్యాన్

నేను ఒక ఇరవై లీటర్ల అల్యూమినియం పాల క్యాన్‌ని. పుట్టింది ఫ్యాక్టరీలో, బుద్ధి తెలిసింది మాత్రం మదనపల్లె వైపు ఒక పల్లెలో, మూడు గేదెలున్న నాగరత్నమ్మ ఇంట్లో. మనుషుల తెలివి మీద నాకెప్పుడూ గొప్ప అభిప్రాయం లేదు. బస్సు టాపు మీద ఎండలో మాడుతూ పోయిన రోజుల్లో నాలోని పాలు రెండుసార్లు విరిగాయి. మూడోసారి విరిగితే పాలు పోసే కార్డు తీసేస్తామని, పాలు కొని చల్లబరిచే చిల్లింగ్ సెంటర్ వాళ్లు ఆమెకు గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి తిమ్మయ్య ఆటోలో పంపేది. అతను నామీద తడి గోనెసంచి కప్పి, దారిలో టీకి కూడా ఆగకుండా ఏడింటికల్లా చేర్చేవాడు.

అంతా సవ్యంగా సాగితే మనుషులకు నిద్ర పట్టదు కదా! పాల సంఘం మీటింగు పెట్టారు. బస్సా, ఆటోనా, కొత్తగా వచ్చిన ఏసీ వ్యానా అని రెండు గంటలు వాదించుకుని వ్యానుకే చేతులెత్తారు. ఆ వ్యాను పెట్టె చల్లటి పాలను చల్లగా ఉంచుతుందే గాని అప్పుడే పితికిన పాలను చల్లార్చదని అడిగి తెలుసుకున్న మహానుభావుడు ఒక్కడూ లేడు.

సోమవారం ప్రారంభం. ఆరింటికే మమ్మల్ని ఎక్కించారు. పూజ చేయాల్సిన సంఘం అధ్యక్షుడు చంగల్రాయుడు తలకు రంగేసుకుని వచ్చేసరికి ఏడున్నర దాటి రాహుకాలం మొదలైంది. తొమ్మిది దాకా బండి కదలకూడదన్నాడు. ఫొటోల కోసం తలుపులు బార్లా తెరిచే ఉంచారు. లోపల నేను ఉడికిపోయాను.

నాగరత్నమ్మ దగ్గరికొచ్చింది. "నా క్యాను దించండి సామీ, తిమ్మన్న ఆటో ఇంకో ట్రిప్పు పోతాదంట. పాలకు రాహుకాలం తెలుస్తాదా?"

"శుభమా అని బండి తీస్తావుంటే ఎక్కించింది దించుతారా మే? ఏసీ ఉండాది, ఏం గాదులే," అన్నాడు చంగల్రాయుడు.

ఆమె సరేనని పక్కకు తప్పుకుంది. ఆ నోరు లేనితనం చూస్తే నాకు ఒళ్లు మండింది.

తొమ్మిదికి గుమ్మడికాయ కొట్టి బయల్దేరాం. చంగల్రాయుడూ నాగరత్నమ్మా కూడా వ్యానులోనే వచ్చారు. సెంటర్లో నా మూత తీసినవాడు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. వ్యానులో వచ్చిన పాలన్నీ వెనక్కి కొట్టారు. మిగిలినవాళ్లకు అది మొదటిసారి, నాగరత్నమ్మకు మూడోసారి. కార్డు తీసేసుకున్నారు.

అక్కడే అరుగు మీద మూడు క్యాన్లు కడిగి బోర్లించి ఉన్నాయి. వాటి మీద ఎర్ర రంగుతో చంగల్రాయుడి పేరు. అవి తెల్లారే తిమ్మయ్య ఆటోలో వచ్చాయట.

"మా ఇంట్లో ఆడోళ్లు తెలీక పంపించేసినారు మే," అన్నాడాయన, ఎవరూ అడగకుండానే.

మరుసటి వారం సంఘం తీర్మానం రాసింది: వ్యాను బ్రహ్మాండంగా ఉంది, పాలు పితికేవాళ్లకే శుభ్రత తెలియడం లేదు. కార్డు తిరిగి ఇప్పిస్తామంటే నాగరత్నమ్మ కూడా దాని కింద వేలిముద్ర వేసింది. కార్డు రాలేదు. రెండు గేదెలు అమ్ముడుపోయాయి. మిగిలినదానికి నాలో కుడితి కలుపుతున్నారు.