నలభై పదవులు, ఒక సభ్యురాలు

శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా ఆ వీధిలో ఒక కట్టడం పేరు కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇవ్వాలి. ఇవ్వకపోతే వీధి వీధంతా పోతుంది.

ఈ మాట భూసేకరణ అధికారి సోమవారమే చెప్పి వెళ్ళాడు. కొత్త వాణిజ్య సముదాయానికి దారి కావాలి. దారిని ఎటైనా వంచుకోవచ్చు, ఒక్క కట్టడం పడగొడితే చాలు. ఏది పడగొట్టాలో వీధి సంఘమే తీర్మానించుకోవాలి. జీపెక్కుతూ, సంఘంలో పదవి ఉన్నవాళ్ళని సంప్రదించకుండా వాళ్ళ గోడ ముట్టుకోబోమని ఇంకో మాట జారవిడిచాడు.

మంగళవారం తెల్లారేసరికి, సంఘాన్ని పునర్వ్యవస్థీకరించాలని వీధిలో అందరికీ ఒకేసారి తోచింది.

రేకుల కప్పు ఉన్న సంఘం హాల్లో సమావేశం మొదలైంది. అయిదు నిమిషాల్లో ఆగింది. సంఘం ముద్ర అధ్యక్షుడి ఇంట్లో బీరువాలో ఉంది, బీరువా తాళం చెవి ఎక్కడుందో ఆయనకే తెలియదు. ఆయన మందుల షాపు నడుపుతాడు. ఏ మాత్ర ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్తాడు గానీ, సొంత వస్తువులు మాత్రం పూటకొకటి పోగొట్టుకుంటాడు. తాళాల పిన్నిని పంపారు.

పిన్నిది వీధి చివర రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తాళం చెవులు కోసే మిషను, గోడ నిండా మేకులకు వేలాడే చెవులు. వెనక గదిలో మంచం, పొయ్యి. ఇల్లూ అదే, కొట్టూ అదే.

బీరువాతో రెండు గంటలు కుస్తీ పట్టి, దానికి కొత్త తాళం చెవి కోసిచ్చి, చేతులకు నూనె మరకలతో ముద్ర పట్టుకుని ఆమె తిరిగొచ్చేసరికి పదవులన్నీ అయిపోయాయి. వీధిలో నలభై ఒక్క ఇళ్ళు, పంచినవి నలభై పదవులు. పదకొండు మంది ఉపాధ్యక్షులు. కుర్చీల కార్యదర్శి ఒకరు, ఫ్యాను సంయుక్త కార్యదర్శి ఇంకొకరు. పిన్ని మరిది మంగలి షాపు నడుపుతాడు, అతనికి నిబంధనలు చదివే పదవి దక్కింది.

"నీక్కూడా ఒకటి అడిగాను వదినా," అన్నాడు మరిది, ఆమె మొహం చూడకుండా. "స్టాకు లేదన్నారు."

సాయంత్రానికి నలభై గుమ్మాలకు పదవుల బోర్డులు వేలాడాయి. బోర్డు లేని గుమ్మం ఒక్కటే. ఏ ఇల్లు పోతుందో ఎవరూ పైకి అనలేదు. ఆ రోజు నుంచి పిన్నిని చూస్తే చాలు, అందరూ మహా మర్యాదగా పలకరించడం మొదలుపెట్టారు. ఆమెకు విషయం అర్థమైంది.

శుక్రవారం నాలుగింటికి హాలు కిటకిటలాడింది. అధికారి ముందు వరసలో కూర్చుని చేతి గడియారం చూసుకుంటున్నాడు. తాళాల పిన్ని ఇంటిని ప్రజాప్రయోజనం కోసం అప్పగించాలన్న తీర్మానాన్ని అధ్యక్షుడు గొంతు సవరించుకుని చదివాడు. మరిది చెయ్యి తప్ప ముప్ఫై తొమ్మిది చేతులు లేచాయి.

మరిది లేచి నిలబడ్డాడు. నిబంధనల పుస్తకం తెరిచాడు. పదవిలో ఉన్నవాళ్ళు ఓటెయ్యకూడదని పన్నెండో నిబంధన అంటోందన్నాడు. మూడేళ్ళ కిందట అప్పటి కార్యదర్శి అయిన తన బావమరిది తనమీదికి మనుషుల్ని కూడగడుతున్నాడని తెలిసి, అతని ఓటు పోయేలా అధ్యక్షుడే పెట్టించిన నిబంధన అది.

చేతులు ఒక్కొక్కటే దిగాయి.

"అయితే ఓటెవరికుంది?" అన్నాడు అధికారి.

అందరూ వెనక్కి తిరిగారు. పిన్ని గుమ్మం బయట నిలబడి ఉంది.

సభ్యులు రాకుండా సభ ఎలా జరుగుతుందని అధ్యక్షుడు అడ్డం తిరిగాడు. కోరానికి, అంటే సభ చెల్లడానికి, ఓటున్న సభ్యుల్లో మూడోవంతు చాలని మరిది చెప్పాడు. పిన్ని ఒక కాలు లోపల పెట్టింది. మరిది వదిననీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, మూడోవంతుకు సరిపోతుందన్నాడు.

ఆ తర్వాత పావుగంటలో, మరిదిది తప్ప, ముప్ఫై తొమ్మిది రాజీనామాలు పడ్డాయి. ఎవరికీ పదవి మీద మోజు లేదట, మామూలు మనిషిగా సేవ చేసుకుంటారట. అయితే రాజీనామాలను సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. ఆ సమావేశం గుమ్మంలో ఒక కాలు బయటపెట్టి నిలబడి ఉంది.

"వచ్చే వారం చూద్దాం," అంది పిన్ని.

ఆమె ఇంటి మీద తీర్మానం ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. నాలుగూ నలభై అయింది. ఇంకో పేరు రాకపోతే వీధి మొత్తం ఖాళీ చెయ్యాలని అధికారి గుర్తుచేశాడు. పిన్ని తన వంక చూడకుండా ఉండాలని ప్రతివాడూ పక్కవాడి వెనక్కి జరిగాడు.

ఆమె పైకి, రేకుల కప్పు వంక చూసింది.

"ఈ హాలు రాసుకోండి. దీన్లో ఎవరూ పడుకోరు, ఎవరూ వండుకోరు."

హాలు పోతే పదవులు ఎక్కడ కూర్చుంటాయని అధ్యక్షుడు వాపోయాడు. దానికి నిబంధన లేదన్నాడు మరిది. సభ్యులంతా ఏకగ్రీవం. అధికారి కాగితం నింపి, ముద్ర వెయ్యమన్నాడు.

అధ్యక్షుడు జేబులు తడుముకున్నాడు. ముద్ర తిరిగి బీరువాలోనే పెట్టాననీ, దాని తాళం చెవి మళ్ళీ పోయిందనీ చెప్పి కుర్చీలో స్థిమితంగా చేరగిలబడ్డాడు. నాలుగూ యాభై మూడు. మొన్న ఆ తాళం తియ్యడానికి రెండు గంటలు పట్టింది. హాలు నిలబెట్టడం కోసం ఈ మనిషి వీధి మొత్తాన్ని పోగొట్టేలా ఉన్నాడని అప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు.

పిన్ని నడుముకున్న గుత్తి తీసి, అందులోంచి కొత్తగా మెరుస్తున్న తాళం చెవి ఒకటి వేరుచేసింది.

"మొన్న మీకు చెవి కోసినప్పుడే దీన్నీ కోసి ఉంచాను. మీ సంగతి నాకు తెలీదా అన్నయ్యా. పద మరిదీ, పరిగెత్తు."

నాలుగూ యాభై తొమ్మిదికి ముద్ర పడింది.

మర్నాడు హాలు కూల్చారు. పదవులన్నీ కాసేపు రోడ్డు మీద నిలబడి, ఎటు పోవాలో తోచక, కుర్చీలు మోసుకుంటూ తాళాల కొట్టు ముందుకొచ్చాయి. కొట్టు మెట్టు మీద ఇద్దరికే చోటుందని పిన్ని చెప్పింది. అక్కడ కూర్చునే ఆ ఇద్దరూ ఎవరో తేల్చడానికి సంఘాన్ని మళ్ళీ పునర్వ్యవస్థీకరించాలన్నాడు అధ్యక్షుడు.

పిన్ని మిషను ఆన్ చేసింది. ఆ రొదలో మిగతాది ఎవరికీ వినబడలేదు.