ఎండ్రికాయ అడుగులు

ఓడలో పిల్లల గది గుమ్మం దగ్గర నా ఇద్దరు పిల్లల చేతులకు రెండు రంగుల పట్టీలు కట్టారు. మల్లేశ్‌కు ఐదేళ్లు కాబట్టి పసుపు పట్టీ. స్వర్ణకు తొమ్మిది, నీలం పట్టీ. పసుపు పట్టీ పిల్లలు ఈ గదిలో ఉంటారు. నీలం పట్టీ వాళ్ల గది పై అంతస్తులో.

"ఇద్దరినీ ఒక్కతాన ఉంచరా?" అని నాకొచ్చిన నల్లగొండ ఉర్దూలో అడిగాను.

పట్టీలు కడుతున్న గ్లోరీ అనే అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆరేళ్ల దాకా కింద, ఏడు నుంచి పన్నెండు దాకా పైన. ఆటలు వేరు, బొమ్మలు వేరు, కుర్చీల ఎత్తు కూడా వేరని హిందీలో నెమ్మదిగా చెప్పింది.

నాకు చౌటుప్పల్‌లో విత్తనాల దుకాణం ఉంది. పత్తి విత్తనాలు ఎక్కువగా అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్లు చెన్నై నుంచి మూడు రోజులు సముద్రం మీద తిప్పడానికి తీసుకెళ్లారు. మిగతా డీలర్లు భార్యలతో వచ్చారు. నా భార్య పుష్ప చనిపోయి రెండేళ్లయింది. నేను పిల్లలతో వచ్చాను.

పుష్ప పోయిన రోజు ఇంటికి వచ్చిన ఆడవాళ్లందరూ స్వర్ణ తల నిమిరి ఒకే మాట అన్నారు. "ఇగ తమ్మునికి నువ్వే అమ్మవు బిడ్డా." ఓదార్పుగానే అన్నారు. ఏడేళ్ల పిల్ల దాన్ని పనిగా తీసుకుంది. వాడికి అన్నం కలిపి పెట్టేది ఆమే, చొక్కా గుండీలు పెట్టేది ఆమే. వాడు రోజూ ఆమె జడ కొస పట్టుకునే నిద్రపోతాడు. నిద్రలో జడ జారితే లేచి ఏడుస్తాడు. అందుకని స్వర్ణ పక్క మీద అటు తిరిగి పడుకోవడం మానేసింది.

ఈ మూడు రోజులైనా ఆమె చిన్నపిల్లలా ఆడుకుంటే చాలనుకుని ఓడ ఎక్కాను. నాకు వేరే కోరిక లేదు.

మర్రిగూడలో మా నాయిన గొర్రెలు కాసేవాడు. పొద్దున మందను తోలుకుపోయేటప్పుడు గొర్రెపిల్లలను తడకల దొడ్లో ఆపేవాడు. "జరసేపు ఒర్లుతయ్, తర్వాత వాటి ఆటల వడ్తయ్" అనేవాడు. నిజంగానే కాసేపటికి అవి ఒకదాని మీద ఒకటి దుంకుతూ ఆడుకునేవి. మల్లేశ్ కూడా అంతేననుకున్నాను. స్వర్ణ తన జడకున్న రిబ్బను విప్పి వాడి చేతిలో పెట్టింది. "గిది వట్టుకో, నేను జల్దినే వస్త" అని పైకి పోయింది.

నేను టీ తాగడం పూర్తి కాకముందే గ్లోరీ కబురు పంపింది. వెళ్లేసరికి వాడు ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకున్నాడు. రిబ్బను దూరంగా పడి ఉంది.

"ఇది అక్క కాదు" అన్నాడు నన్ను చూసి, తప్పు నాదైనట్టు.

గ్లోరీ వాడి చొక్కా మార్చింది. ఆ తడి చొక్కాను నా చేతికివ్వకుండా తానే ఉతికి ఆరేస్తానంది. తర్వాత గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పింది. చిన్నవాళ్లను పైకి పంపరు గానీ, తోబుట్టువుల కోసం పెద్దపిల్లలు కిందికి రావచ్చు. అప్పుడు పట్టీ మారుస్తారు. ఇక పై గది ఆటల్లో ఉండటానికి లేదు. "అక్కను పిలవమంటారా?"

"వద్దమ్మా" అన్నాను. "ఆమెకు చెప్పొద్దు కూడా."

వాణ్ణి ఎత్తుకుని డెక్ మీదికి పోయాను. అక్కడ తిరుమలగిరి డీలర్ చోటే మియా, ఆయన భార్య అమీనా కూర్చుని ఉన్నారు. వాళ్ల మనవరాలు జేబా కూడా పై గదిలోనే ఉంది.

"ఏం దామోదర్ భాయ్, సముద్రం జూద్దామని వచ్చి పిలగాణ్ణి మోసుడేనా?" అన్నాడు చోటే మియా. "నాకియ్యి జర. మా దుకాన్ల యూరియా బస్తాలు మోసిన భుజమిది."

మల్లేశ్ ఆయన గడ్డాన్ని చూసి నా మెడ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నీ గడ్డం జూసి బస్తాలు గూడ ఏడుస్తయ్" అంది అమీనా భర్తతో. తర్వాత నా వైపు తిరిగింది. "అక్కను కిందికి తోలొచ్చంట గదన్నా. జేబా చెప్పింది."

"అక్క గూడ పిల్లే గద భాభీ."

అమీనా సంచిలోంచి బిస్కెట్ తీసి వాడి ముందు పెట్టింది. వాడు తినలేదు. మధ్యాహ్నం నేను కలిపిన పెరుగన్నమూ తినలేదు. ముద్ద నోటి దగ్గరికి పోగానే పెదవులు మూసేశాడు.

సాయంత్రం స్వర్ణ పరుగెత్తుకుంటూ వచ్చింది. ముక్కు మీద ఎర్ర రంగు ఉంది. "బాపూ, ఆఖరి దినం మా డాన్సు ఉన్నది. నేను ఎండ్రికాయను. గిట్ల అడ్డంగ నడవాలె. నేను, జేబా ముందు లైన్ల ఉంటం" అంటూ అక్కడే పక్కకు పక్కకు అడుగులు వేసి చూపించింది. ఊపిరి తీసుకోకుండా ఇంతసేపు మాట్లాడగలదని నేను మరిచిపోయాను.

మధ్యలో ఆగింది. "తమ్ముడు తిన్నడా?"

"మంచిగనే ఉన్నడు."

"కక్కిన" అన్నాడు మల్లేశ్.

స్వర్ణ వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత నన్ను అడిగింది. "నేను కింద గదిల ఉండరాదా బాపూ?"

"రాదంట బిడ్డా. రూల్ లేదు."

"సరే" అంది వెంటనే. ఇంకోసారి అడగలేదు. నాకు ఆశ్చర్యమేసినా, అదీ నా అదృష్టమే అనుకున్నాను. ఆమె చేత్తో వాడు ప్లేటు మొత్తం ఖాళీ చేశాడు.

రెండో రోజు వాడు పై గది అద్దం దగ్గరే నిలబడతానన్నాడు. లాక్కుపోతే ఓడంతా వినబడేలా ఏడుస్తున్నాడు. నిలబడనిస్తే స్వర్ణకు కనబడతాడు. రెంటిలో ఏది చేసినా తప్పే. వాడు ముక్కు అద్దానికి ఆనించి చూస్తుంటే, వెక్కుతున్న వాడి నోరు కనబడకుండా నా చెయ్యి అడ్డం పెట్టాను. స్వర్ణ ఒకసారి ఇటు చూసింది. ఆ తర్వాత అద్దం వైపు వీపు తిప్పి ఆడింది. రోజంతా అలాగే ఆడింది. వాడు మళ్లీ నా చేత్తో ఏమీ తినలేదు.

ఆఖరి రోజు పొద్దున ఆమే పై గదిలోంచి బయటికి వచ్చింది. రెండు చేతులకూ అట్టతో చేసిన ఎర్రటి ఎండ్రికాయ కొండ్లు ఉన్నాయి. నా ముందు నిలబడి తల వంచుకుంది.

"బాపూ, నేను కిందికి పోవచ్చంట. నాకెరుకే."

"ఎవరు చెప్పిండ్రు?"

"మొదటి దినమే పై మేడం అందరికి చెప్పింది. నేనే నీకు చెప్పలే. నువ్వు రూల్ లేదన్నంక, నీకు తెల్వదనుకొని ఊకున్న. నాకు డాన్సు చెయ్యాలని ఉండె."

అప్పటిదాకా ఆమె కోసం నేను దాస్తున్నాననుకున్న దాన్ని ఆమె కూడా దాచుకుంది. ఆ మాట వినగానే ముందు నాకు సంతోషం కలిగింది. ఆడాలన్న కోరిక ఆమెలో ఇంకా ఉంది. ఆమె బరువు కొంత దించుదామని నిజం చెప్పాను.

"నాకు గూడ ఎరుకే బిడ్డా. నువ్వు ఆడుకోవాలెనని నేనే చెప్పలే. నీ తప్పేం లేదు."

ఆమె తలెత్తింది. ఆ ముఖంలో ఊరట లేదు.

"వాడు కక్కినంక గూడనా? రెండు దినాల సంది నీ దగ్గర ముద్ద ముడ్తలేడు. ఎట్ల ఊకున్నవ్ బాపూ?"

అచ్చం పుష్ప గొంతు అది. పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు నేను దుకాణం నుంచి ఆలస్యంగా వస్తే ఆమె అలాగే అడిగేది.

"ఒక్క పూటే గద. పోయి ఆడుకో. వాడు నా దగ్గరుంటడు" అన్నాను.

"వద్దు" అంది. కొండ్లు తీసి, లోపలికి వెళ్లి జేబాకు ఇచ్చి వచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నేను వాళ్ల వెనక నడిచాను. ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు.

గ్లోరీ ఆమె నీలం పట్టీ కత్తిరించి పసుపుది కట్టింది. కత్తిరించిన దాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా స్వర్ణ అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. పెద్దవాళ్లకు లోపలికి ప్రవేశం లేదు కాబట్టి నేను అద్దం బయట ఉండిపోయాను.

మల్లేశ్ ఆమె చేతి నుంచి ఇడ్లీ తిన్నాడు. కొంతసేపు జడ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఎవరో పిల్లవాడు చెక్క ముక్కలతో గోపురం కడుతుంటే జడ వదిలి అటు పోయాడు. మళ్లీ వెనక్కి చూడలేదు. స్వర్ణ ఆ పొట్టి కుర్చీలో మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుని ఒక్కతే కూర్చుంది. వాణ్ణే చూస్తోంది.

పై నుంచి పాట వినిపించింది. డాన్సు మళ్లీ మొదలుపెట్టినట్టున్నారు. స్వర్ణ పైకి చూడలేదు, ముఖం మారలేదు. కానీ కుర్చీ కింద ఆమె పాదాలు పక్కకు పక్కకు కదులుతున్నాయి. రెండడుగులు అటు, రెండడుగులు ఇటు. ఆమెకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

అద్దం మీద తట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను కనబడితే ఆ కాళ్లు ఆగిపోతాయి.