పదిహేడో ప్రశ్న

పదిహేడో ప్రశ్న దగ్గర దామోదరం మామ మునిలక్ష్మి చెంప పగలగొట్టాడు. నేను ఎదురుగానే కూర్చొని ఉన్నాను. తప్పు నాదే.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఇరుళర్ గిరిజనుల పిల్లలకు ఏమాత్రం అక్కరకొస్తున్నాయో కనుక్కోమని తిరువళ్ళూరు ఆఫీసు నన్ను పంపింది. ఈడొచ్చిన పిల్లల్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలని శిక్షణలో నెత్తీ నోరూ బాదుకొని చెప్పారు. కానీ తిరుత్తణి పక్కన మా వాళ్ళ ఊళ్ళో ఇరుళర్ కాలనీకి నడిచిపోయే అలవాటు ఎవరికీ లేదు. సవుకు తోపు, అంటే సరుగుడు తోట, ఉన్న మామకు ఒక ఫోను కొడితే చాలు, తోపులో కట్టె కొట్టే పిల్లల్ని ట్రాక్టరులో ఎక్కించి తన వాకిట్లో దించుతాడు. ఓటరు జాబితా వాళ్ళూ అంతే, పోలియో చుక్కల వాళ్ళూ అంతే. నేనూ అదే చేశాను. మామ కుర్చీ తెచ్చుకొని నా పక్కనే కూర్చున్నాడు. అమ్మ తోడబుట్టినవాణ్ణి లేచి పొమ్మని ఏ నోటితో అంటాను?

పదిమంది పిల్లలు అన్నింటికీ "బాగుండాది" అని చెప్పి లేచారు. పదకొండోది మునిలక్ష్మి, పదిహేనేళ్ళ పిల్ల. ఎడమ ముంజేయి వాచి, వంకర తిరిగి, మాసిపోయిన కట్టులో ఉంది.

"ఆరోగ్య కేంద్రంలో నీతో ఒంటరిగా ఎవురైనా మాట్లాడినారా?" అని పదిహేడో ప్రశ్న అడిగాను.

"లేదమ్మా. తోపు అయ్య తోడొచ్చినాడు. ట్రాక్టరు మీంద నుంచి పడిందని అయ్యే చెప్పినాడు. నర్సమ్మ నన్నేమీ అడగలే. కట్టు కట్టి పంపేసింది."

"పడలేదా నువ్వు?"

ఆ ప్రశ్న ఫారంలో లేదు. నా నోరు ఊరుకోలేదు, అంతే. పిల్ల మామ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"లేదమ్మా. అయ్యే కొట్టినాడు, సవుకు కట్టెతో."

చెంప దెబ్బ అప్పుడు పడింది. రెండో దెబ్బకు పిల్ల విరిగిన చేతి మీదే కూలింది. గట్టిగా అరిచింది. మామ ఆగలేదు. చెప్పుకాలితో డొక్కలో తన్నాడు.

"నా కూడు తిని నా మీందే చెప్తావా, ముండా!"

"మామా, ఆపు!"

"నువ్వు సుమ్మా ఉండు, నోరెత్తొద్దు కాంచనా. వీళ్ళకు నోటితో చెప్తే ఎక్కదు."

ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో నేను నోరు మూసుకొనే ఉన్నాను. ఆయన కాలు మళ్ళీ లేచింది. కాళ్ళ దగ్గర పెట్టుకున్న స్కూటీ హెల్మెట్ నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు, బలం కొద్దీ ఆయన తల మీద కొట్టాను. కనుబొమ చీలి రక్తం చొక్కా మీదికి కారింది. ఆయన గోడకు జారగిలబడ్డాడు. నిజం చెప్తున్నాను, ఇంకొకటి వేయాలనిపించింది. వేశాను. ప్రాణానికి ఎంత హాయిగా ఉండిందో!

పిల్లను స్కూటీ మీద కూర్చోబెట్టుకొని తిరుత్తణి పెద్దాస్పత్రికి తీసుకుపోయాను. డాక్టర్ జనని ఎక్స్‌రే చూసి పళ్ళు కొరికింది.

"రెండు ఎముకలూ విరిగి ఉండాయి. పది దినాలుగా అట్లనే వదిలేసినారు. ఈ పొద్దే ఆపరేషన్ చేస్తే చెయ్యి దక్కుతాది. పోలీసు కేసు కూడా రాయాల. పిల్లతో నేను మాట్లాడతా, మీరు బయట ఉండండి."

ఐదు నిమిషాలకు ఆమె బయటికి వచ్చింది. "పడిందంట. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తా ఉండాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి దూసుకుపోయాను.

"ఎందుకే అట్ల చెప్పినావు? ఆయన ఎదురుగానే నాకు చెప్పినావు కదా!"

మునిలక్ష్మి గొంతు పెంచలేదు. "మా అమ్మ ఇంకా తోపులోనే ఉండాది. నువ్వు అయ్య తల పగలగొట్టి నన్ను ఎత్తుకొచ్చేస్తివి. ఆయన ఇప్పుడు ఎవుర్ని కొడతాడు?"

నాకు ఆ మాటే తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పోలీస్ స్టేషనుకు పోయి ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొని ఊరికి పరుగెత్తాను. దారంతా మామను నోటికొచ్చిన బూతులు తిట్టాను, నన్ను కూడా తిట్టుకున్నాను.

మామ కుట్లు వేయించుకోవడానికి వెళ్ళిపోయాడట. ఆ పిల్ల తల్లి ధనమ్మ తోపు గేటు దగ్గర కూలబడి ఉంది. పెదవి చీలి ఉంది, ఒక కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. నేను స్కూటీ దిగి దగ్గరికి పోగానే రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకొని ముడుచుకుపోయింది. అయ్యగారి అక్క కూతుర్ని కదా నేను.

"కొట్టొద్దమ్మా," అంది. "బిడ్డ పడిందనే చెప్తాది. నేను ముందే చెప్పిపెట్టినాను."