అన్నవస్త్రాలకు లోటు లేకుండా

తాలుకాయలు ఏరిన చేతుల్ని దేవకుమారి రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. మంట పోలేదు. మిరపకాయ మంట అంత తేలిగ్గా పోతే ఇంకేం! కల్లంలో సగం కాయ ఇంకా ఏరకుండా అట్టాగే ఉంది, పొద్దు నడినెత్తికొచ్చింది, ఈలోపు ఇంట్లోంచి మొగుడు రామాంజనేయులి కేక.

"ఏమే, అల్లాబక్షు గారొచ్చారు. కాఫీ తీసుకురా. అట్టాగే నువ్వూ రా, సంతకం చెయ్యాలి."

అల్లాబక్షు గారు సత్తెనపల్లిలో దస్తావేజులు రాసే పెద్దమనిషి. రామాంజనేయులికి సోమవారం గుంటూరులో గుండె ఆపరేషన్. ఏది ఎటు పోయినా వెనక చిక్కులుండకూడదని, రేపే రిజిస్ట్రారాఫీసులో అన్నీ ముగించెయ్యాలని పట్టుపట్టి కూర్చున్నాడు. ముందుచూపున్న మగాడని ఊరంతా మెచ్చుకుంటోంది. మెచ్చుకోరూ మరి!

ఆమె కాఫీ గ్లాసులతో వచ్చేసరికి అల్లాబక్షు గారు కాగితాలు చదువుతున్నాడు. మొదటిది రామాంజనేయులి విల్లు. ఎనిమిదెకరాలూ, ఇల్లూ కొడుకు కోటేష్‌కి. "నా భార్య దేవకుమారికి జీవితాంతం అన్నవస్త్రములకు లోటు లేకుండా మా కుమారుడు చూసుకొనవలెను." రెండోది సెటిల్‌మెంటు. దేవకుమారికి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు, ఆమె పేరునే ఉన్న రెండెకరాలు, అవీ కోటేష్‌కే.

ట్రే చేతిలోనే ఉండిపోయింది.

"ఇదేందండీ? నాతో ఒక్క మాటైనా అనలేదే."

"అనేదేముంది? ఉన్నది ఒక్క కొడుకు. ఇయ్యాల కాకపోతే రేపైనా వాడిదేగా. రెండుసార్లు ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు, ఒక్క దెబ్బతో అయిపోద్దని కలిపి రాయించా."

"నాది ఎప్పటినుంచి వాడిదవుద్దండీ?" అని ఆమె అల్లాబక్షు గారినే అడిగింది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "సెటిల్‌మెంటు కదమ్మా. రేపు రిజిస్టరైందంటే రేపటినుంచే అబ్బాయిది. విల్లయితే మీ తదనంతరం. మీరున్నన్నాళ్ళూ మీదే, కావాలంటే మార్చుకోవచ్చు కూడా. మీ వారు సెటిల్‌మెంటే రాయమన్నారు."

అంటే, మొగుడి ఎనిమిదెకరాలు మొగుడు పోయాక. పెళ్ళాం రెండెకరాలు పెళ్ళాం బతికుండగానే. ఎంత చక్కటి లెక్క!

కోటేష్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు నడుపుతాడు, అమ్మంటే ప్రాణం. "నేను నిన్ను చూసుకోనా అమ్మా?" అన్నాడు. వాడి భార్య తేజశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడి తల వంచుకుంది.

రామాంజనేయులికి ఒళ్ళు మండింది. "సోమవారం నా గుండె కోస్తుంటే నీకిప్పుడు పొలం కావాల్సొచ్చిందా? ఇదిగో, మా అమ్మ లేదూ? ముప్పయ్యేళ్ళ క్రితం తన ఎకరన్నరా ఇట్టాగే నా పేర రాసిచ్చింది. ఏం తక్కువైంది? అమ్మా, నువ్వే చెప్పవే, నీకేం లోటు చేశాం?"

నులక మంచం మీద పిచ్చమ్మ కదిలింది. ఎనభై దాటిన ముసలామె. అడిగింది కొడుకైతే ఆమె చూసింది కోడలి మొహంకేసి. అట్టా ఒక్క క్షణం చూసి, అప్పుడు అంది, "ఏం లోటు లేదు నాయనా."

ఆ చూపు దేవకుమారికి కొత్తది కాదు. ముప్పయ్యేళ్ళుగా చూస్తూనే ఉంది, చూడనట్టు తిరుగుతూనే ఉంది. ఏం మాట్లాడాలన్నా ముందు కోడలి మొహం చూసుకునే చూపది. అత్తయ్య రెండో కాఫీ అడగడం మానేసి పన్నెండేళ్ళు. షుగరొస్తుందత్తయ్యా అని తనే మాన్పించింది. షుగరూ లేదు, నా బొందా లేదు, పాలకేంద్రానికి పోసే పాలు తగ్గుతాయని! వినుకొండలో అత్తయ్య అక్క మంచాన పడితే, ఒక్కసారి చూసొస్తానే అమ్మాయ్ అని మూడుసార్లు అడిగింది. కోతల్లో ఎవరు తీసుకెళ్తారత్తయ్యా, కాయ ఇంటికి చేరనివ్వండి అంది తను. కాయ చేరేలోపు ఆ మనిషి పోయింది. పిచ్చమ్మ ఒక్క మాటనలేదు, అన్నం కలుపుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చూసి తనకేమనిపించింది? పనుల వేళ ఈ ఏడుపొకటి అనిపించింది. ఛీ! పోనీ తను రాక్షసా? కాదే. బంగారంలాంటి కోడలని ఊరంతా అంటారు. వేళకి అన్నం పెట్టింది, పండక్కి చీర కొంది, రంగు మాత్రం తనే ఎంచింది. కాగితంలో రాసుకున్నట్టే అన్నానికీ బట్టకీ లోటు చెయ్యలేదు. రేపు తేజశ్రీ కూడా చెయ్యదు. మంచిపిల్ల. కోటేష్ మంచివాడు. అత్తయ్య కొడుకూ మంచివాడే, ఒక్కరోజు కూడా తల్లి పళ్ళెంలోకి తొంగిచూడలేదు, అంతే.

అల్లాబక్షు గారు పెన్ను చాపాడు. ఆమె తీసుకుంది. చేతులు భగ్గుమంటున్నాయి. రామాంజనేయులు ఊపిరి పీల్చుకున్నాడు. దేవకుమారి ఆ పెన్నుని కాగితం మీద అడ్డంగా పడుకోబెట్టి వెనక్కి జరిగింది.

"అన్నవస్త్రాలకు పోతే ఉన్న వస్త్రం ఊడిందంట. నేను చెయ్యను."

"పరువు తీస్తున్నావే! మా అమ్మ చెప్పింది వినలేదా?"

"విన్నా. మీ అమ్మకి తిండీ బట్టా చూసింది మీరు కాదు, నేను. ఎట్టా చూశానో నాకు తెలుసు. నా రెండెకరాలకి విల్లు రాస్తా, నేను పోయాక వాడే తీసుకుంటాడు. మీ విల్లులో ఆ అన్నవస్త్రాల మాట కొట్టేసి, నేనుండే ఇల్లు నా పేర రాయండి. అంతకంటే ముందు ఇంకొకటుంది. అల్లాబక్షు గారూ, రేపటికి సెటిల్‌మెంటు కాగితం ఒకటుంది కదా, దాన్ని ఈయన చేత రాయించండి. అత్తయ్య ఎకరన్నర తిరిగి అత్తయ్య పేరున."

తేజశ్రీ తలెత్తి అత్తకేసి చూసింది.

మంచం మీద పిచ్చమ్మే ముందు తేరుకుంది. "ఈ వయసులో నాకు పొలమెందుకే అమ్మాయ్?" అంది భయం భయంగా.

దేవకుమారి ఆమె పక్కన కూర్చుంది.

"దేనికీ నన్ను అడక్కుండా ఉండటానికత్తయ్యా."