కుండీకి పోసిన పాలు

మళ్లీ నవ్వాను, అదీ పళ్లు కనిపించేలా, అల్లుడి హాస్యానికి అంతగా నవ్వవలసిన అవసరం నాకేమున్నది, సరిగ్గా అక్కడే నా అనుమానం బలపడుతున్నది, ఎందుకంటే మా ఆవిడ పోయిన నాటి నుండి నాకు నవ్వు లేదు, నిద్ర లేదు, కంచం ముందు కూర్చుంటే మెతుకు గొంతు దిగేది కాదు, అటువంటి నేను ఈ మధ్య ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాను, నిన్న స్నానం చేస్తుండగా ఏదో కూనిరాగం వినిపించి ఎవరా అని చెవి ఒగ్గితే అది నా గొంతే, నిప్పు లేనిదే పొగ రాదు, మొదట నిద్ర, తరువాత ఆకలి, ఇప్పుడు నవ్వు, ఈ వరుస నాకు కొత్తదా, నా ప్రయోగశాలలో జీవితమంతా చూసినది ఇదే కదా, ఇరుకు గొట్టాలలో బిగించి హడలగొట్టిన ఎలుకలు చక్కెరనీళ్లు సైతం ముట్టక మూల ముడుచుకునేవి, మెదడులో జ్ఞాపకాలకు నెలవైన చోట కణాల కొమ్మలు ఎండిపోయేవి, దిగులుకు మందు మొదలుపెట్టిన రోజున ఏమీ జరగదు, వారాలు గడవాలి, అప్పుడొకనాడు ఆ ఎలుక తనంతట తాను వచ్చి చక్కెరనీళ్లు నాకుతుంది, ఇప్పుడు నేను నాకుతున్నాను, అంతే తేడా.

కాబట్టి ఎవరో నాకు మందు పెడుతున్నారు, ఎవరో ఏమిటి, నా కూతురే, మనోవైద్యురాలు, వాళ్లమ్మ పోయిన కొత్తలో మాత్రలు తెచ్చి, నాన్నా, ఇది జబ్బే, పాఠం చెప్పినవాడివి నీకు తెలియదా అన్నది, తాతకు దగ్గులు నేర్పకు అన్నాను, మారుమాట లేకుండా తీసుకుపోయింది, మారుమాట లేకపోవడమే వింత, చిన్ననాటి నుండి దాని నోటికి మూత ఎక్కడిది, ఆ మర్నాటి నుండే ఈ సాయంకాలపు పాలు మొదలు, గ్లాసు నా చేతికిచ్చి పక్కన కూర్చుంటుంది, చల్లారనీ అని నేను పట్టుకుని ఉంటాను, ఆసుపత్రి కబుర్లు చెబుతూ భుజం మీద చెయ్యి వేస్తుంది, ఆ చెయ్యి నేనెరగనిదా, సూది వేయడానికి ముందు ఎలుకను రోజూ అరచేతిలో నిమిరి మచ్చిక చేసేవాళ్లం, కూతురు లేచి వెళ్లగానే పాలు కిటికీలోని పూలకుండీకే, మొదటి గ్లాసు నుండీ అంతే, అయినా నాకు నయమవుతున్నదంటే మందు మరే దారిన వస్తున్నట్లు, కూరలోనా, అందరం ఒకే గిన్నెలోది తింటాము, అల్లుణ్ణి చూసి తేల్చుకుందామంటే అతడు పుట్టినప్పటి నుండీ నవ్వుతూనే ఉన్నాడు, పోలికకు ప్రమాణంగా పనికిరాడు, ఏమైనా సరే, నన్నడగకుండా నా మెదడులో వేలు పెట్టినవారి ఇంట్లో ఉండను, పెట్టె సర్దుకున్నాను, రేపే వెళ్లిపోతాను.

ఇంతకూ అల్లుడన్నది ఏమిటి, కుండీ చుట్టూ చీమల బారు చూపించి, మామయ్యగారూ, ఈ మొక్కను పిండితే రేపటి కాఫీకి పాలు సరిపోతాయేమో అన్నాడు, నవ్విన తరువాత గాని తెలియలేదు, అంటే వీళ్లకు తెలుసు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు నా చెయ్యి దానంతట అదే గ్లాసు వెనక్కి దాచింది, అల్లుడు జారుకున్నాడు, పాలిచ్చి లోపలికి వెళ్లిన కూతురు తిరిగి వచ్చి ఎప్పటి చోటనే కూర్చుని మంచం పక్కనున్న పెట్టెను చూసింది, ఏ మందు కలిపావో చెప్పు, మోతాదుతో సహా అన్నాను, ఏమీ కలపలేదు నాన్నా, పంచదార కూడా వెయ్యలేదు, అంటూ గ్లాసు లాక్కుని సగం తాగి మూతి తుడుచుకున్నది, కుండీలో పోస్తుండగా మొదట్లోనే చూశాను అన్నది, మరి రోజూ ఎందుకు తెచ్చావు అన్నాను, ఉత్త చేతులతో వస్తే కూర్చోనిస్తావా.

మందు లేదు, గుండె తేలికపడాలి, పడలేదు, మందు లేకపోతే ఆ నిద్ర ఎవరిది, ఆ కూనిరాగం ఎవరిది, ఆవిడ లేని ఇంట్లో వడ్డించమని కంచం జరిపిన చెయ్యి ఎవరిది, నాదే, ఎవరూ చేయించకుండా నేనే, ఇన్నాళ్లూ ఆ మాత్ర దొరకాలనే గదా కోరుకున్నాను, నింద మోయడానికి ఒక మాత్ర, మీ అమ్మ లేకపోయినా నాకు నవ్వు వస్తున్నదే అమ్మాయీ అన్నాను, రానీ నాన్నా అన్నది, భుజం మీది చెయ్యి తియ్యలేదు, మిగిలిన సగం గ్లాసు నా చేతికిచ్చింది, తాగాను, ఒట్టి పాలే.