పెద్దమ్మ కంప్యూటర్లో పోయిన గొంతు

పెద్దమ్మ కంప్యూటర్‌ని తిరిగి తెచ్చి ఆవిడ బల్ల మీద పెడుతున్నంతసేపూ కిర్రు నోరు ఊరుకోలేదు. రోడ్ల మీద రద్దీ గురించి చెప్పాడు, ఎండ గురించి చెప్పాడు, కొత్త కర్టెన్లు గదికి భలే నప్పాయన్నాడు. ఆ కర్టెన్లు ఎప్పటివో, అంచులు వెలిసిపోయి ఉన్నాయి.

"ఏంట్రా ఇవాళ ఇంత హుషారు?" అంది పెద్దమ్మ, వైర్లు విప్పుతూ.

కిర్రు అన్న పేరు ఆవిడ పెట్టిందే. పసితనంలో తలుపు కిర్రుమంటే చాలు, ఆ చప్పుడుని మక్కీకి మక్కీ దింపేసేవాడట. ఇప్పుడు నెత్తిన జుట్టు పలచబడింది గానీ, పని మాత్రం మారలేదు. పాత కంప్యూటర్ల గొంతుల్ని కొత్త కంప్యూటర్లలో పలికించే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాడు. ఒకప్పుడు టీవీకి తగిలించుకుని వాడే చిన్న కంప్యూటర్లు ఉండేవి కదా, వాటి లోపల బొటనవేలంత చిప్పు ఒకటి బీప్‌బీప్‌మంటూ పాటలు పాడేది. ఈ తరం సంగీత దర్శకులు ఆ చప్పుడంటే చెవి కోసుకుంటారు. చిప్పులేమో ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. అందుకని కిర్రూ, అతని భాగస్వామీ కలిసి ఒక్క చిప్పుని ఎంచుకుని, దాని మంచీ చెడూ మొత్తం కొలిచి, అచ్చం అలాగే పాడే సాఫ్ట్‌వేర్ చేశారు. ఆ ఒక్క చిప్పు పెద్దమ్మది.

ఆవిడ పియానోలు శ్రుతి చేస్తుంది. బడుల్లో, సంగీత మందిరాల్లో, ఇళ్ళల్లో ఎక్కడ తీగ సడలినా ఆవిడకే ఫోన్. అరవై దాటినా ఆ చెవికి తిరుగులేదు. పిల్లల్లేరు, కిర్రుని తనే పెంచింది. వయసులో ఉన్నప్పుడు సరదాకి ఈ కంప్యూటర్ మీద పాటలు కట్టేది. కిర్రుకి మూడేళ్ళప్పుడు వాడికోసం ఓ గంతుల పాట కట్టింది. పాట నడుమ సంగీతం టక్కున ఆగిపోతుంది, అందులోకి ఎక్కించిన కిర్రు గొంతు "ఇంకోచాలి!" అని అరుస్తుంది, సంగీతం మళ్ళీ అందుకుంటుంది. ఇంకోసారి అనడానికి నోరు తిరగని వయసు మరి. ఇంటికి ఎవరొచ్చినా ఆ పాట వినిపించకుండా కదలనిచ్చేది కాదు. మీసాలొచ్చాక కిర్రు దాన్ని వినలేక పెరట్లోకి పారిపోయేవాడు.

కంప్యూటర్ అడిగినప్పుడు ఆవిడ మారుమాట లేకుండా ఇచ్చింది. "జాగ్రత్తరా, దానికీ నాలాగే వయసు మీద పడింది," అంది, అంతే.

కొలతలన్నీ అయిపోయిన రోజు జరిగింది అది. చిప్పుకి ఒక కొసన చిన్న గాటు ఉంటుంది. కొలవడానికి ఊడదీసిన చిప్పుని, ఆ గాటు ఎటుందో చూసుకుని మళ్ళీ కంప్యూటర్ లోపలి గూట్లో పెట్టాలి. పని నేర్చుకునే వాళ్ళకి మొట్టమొదట చెప్పే సంగతి అది, కిర్రే ఎందరికో చెప్పాడు. ఆ రోజు మాత్రం ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తమ సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదో ఎవరికో డప్పు కొడుతూ తిరగేసి పెట్టేశాడు. స్విచ్ వేశాక కాలిన వాసన వచ్చింది. చిప్పు మీద వేలు పెడితే చుర్రుమంది.

అప్పటికైనా ఫోన్ చేసి చెప్పొచ్చు. చెప్పలేదు. పాత సామాన్ల దుకాణంలో అదే పేరున్న చిప్పు దొరికింది, కాకపోతే తర్వాతి రకం. దానికి తక్కువ కరెంటు సరిపోతుంది గనక అడుగున చిన్న ఏర్పాటు చేసి బిగించాడు. పాడించి చూశాడు, పాడింది. హమ్మయ్య అనుకున్నాడు. మహానుభావుడికి ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ఆ ముక్క ఇవాళ పెద్దమ్మ గదిలో, ఆవిడ పెట్టిన గంతుల పాట నడుమ సంగీతం టక్కున ఆగినప్పుడు గుర్తొచ్చింది.

పాత రకం చిప్పులో ఒక లోపం ఉండేది. ధ్వని పెంచినా తగ్గించినా టిక్కుమనేది. అప్పటి గడుగ్గాయిలు ఆ టిక్కుల్నే వేలకొద్దీ గుప్పించి వాటితో మనిషి గొంతు పలికించేవారు. తర్వాతి రకంలో తయారీదారులు ఆ లోపాన్ని బాగు చేశారు. దాంతో సంగీతం బాగానే వస్తుంది గానీ, గొంతులు దాదాపు వినబడకుండా పోయాయి. ఇది కిర్రుకి తెలియని విషయం కాదు. దీని మీద ఉపన్యాసాలే ఇచ్చాడు.

సంగీతం ఆగింది. గదిలో చప్పుడు లేదు. సంగీతం మళ్ళీ అందుకుంది.

పెద్దమ్మ టీవీ ధ్వని పెంచి మళ్ళీ పెట్టింది. ముందుకు వంగి, చెవి టీవీకి ఆనించింది. తర్వాత అతని వైపు తిరిగింది.

"నీ గొంతు వినబడలేదేంట్రా? నీకు వినబడిందా?"

"ఆఁ, వినబడింది కదా పెద్దమ్మా," అన్నాడు కిర్రు.

ఎందుకన్నాడో తర్వాత ఎంత తవ్వుకున్నా అతనికి సరైన జవాబు దొరకలేదు. సాఫ్ట్‌వేర్ మర్నాడే విడుదల. పరిచయంలో "ఆ కంప్యూటర్‌ని ఏ హానీ లేకుండా యజమానురాలికి అప్పగించాం" అని తన చేత్తోనే రాశాడు. అది కారణం కావచ్చు. అసలు కారణం అంతకన్నా చిన్నదేమో, ఆ క్షణం గడిస్తే చాలనిపించింది. ఆవిడ ఒక్క నిమిషం అతని మొహంలోకే చూసింది. తర్వాత నవ్వింది.

"అయితే నాకు ముసలితనం వచ్చేసిందన్నమాట," అంది.

సాఫ్ట్‌వేర్‌కి మంచి పేరొచ్చింది. నలుగురూ మెచ్చుకుంటుంటే కిర్రుకి ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుండేది. పెద్దమ్మకి ఫోన్ చేయడం తగ్గించాడు. చేసినప్పుడల్లా ఆవిడ ఏదో ఒకటి వదిలేసినట్టు తెలిసేది. మొదట సంగీత మందిరం పని వద్దంది. తర్వాత బడుల్లో పియానోలన్నీ వేరొకరికి అప్పజెప్పేసింది.

"చెవి సరిగా లేకుండా పిల్లల పియానో ముట్టుకుంటే పాపం కదరా. తప్పు శ్రుతికే వాళ్ళ చెవులు అలవాటు పడిపోతాయి," అంది.

"అంత తొందరేంటి పెద్దమ్మా, ఒకసారి డాక్టర్‌కి చూపించుకోవచ్చుగా," అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. చెప్పాల్సింది వదిలేసి సలహాలిస్తున్నాడు, సిగ్గులేని వెధవ. తనని తాను అలాగే తిట్టుకున్నాడు, ఆ తిట్టు ఎంతకీ చాల్లేదు.

"సరే, నువ్వే తీసుకెళ్ళు," అంది ఆవిడ.

ఆస్పత్రిలో పెద్దమ్మని ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినబడ్డప్పుడల్లా ఆవిడ మీట నొక్కాలి. పరీక్షకి కూర్చున్న బడిపిల్లలా నిటారుగా కూర్చుంది. కళ్ళు మూసుకుంది. గాజు ఇవతల నించున్న కిర్రు ఆవిడ వేలినే చూస్తున్నాడు. ఆ వేలు నొక్కుతూనే ఉంది. దేవుడా, ఒక్కటైనా తప్పిపోతే బాగుణ్ణు అని అతనికి అనిపించింది. ఇన్నాళ్ళూ పెంచిన తల్లిలాంటి మనిషికి నిజంగానే చెవుడు రావాలని కోరుకుంటున్నాడని తెలిసి, గోడకి ఆనుకున్నాడు.

డాక్టరమ్మ కాగితం చూసి నవ్వింది. "మీ వయసులో ఇలాంటి చెవులు అరుదండీ. మీకేం లోపం లేదు."

పెద్దమ్మ మొహం విప్పారాల్సింది. విప్పారలేదు.

"మరి మా వాడికి వినబడింది, నాకెందుకు వినబడలేదమ్మా? ముప్ఫై ఏళ్ళ పైగా విన్న గొంతు."

డాక్టరమ్మ కొంచెం ఆలోచించింది. "చెవులు బాగుండి కూడా వినబడటం లేదంటే... కంగారేం లేదు గానీ, మెదడు డాక్టర్‌కి ఒకసారి చూపించండి. మరుపు కూడా ఏమన్నా ఉంటోందా?"

పెద్దమ్మ చేతిసంచీ తీసుకుని బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. కిర్రు వచ్చి పక్కన కూర్చున్నాక అడిగింది.

"ఒరే కిర్రూ, ఆ పాటలో నీ గొంతు అసలు ఉండేదంటావా? నేనే ఊహించుకున్నానా?"

"ఉండేది పెద్దమ్మా. నేనే పోగొట్టాను."

చెప్పాడు. గాటు సంగతి, చిప్పు కాలిన సంగతి, మార్చిన సంగతి, మార్చిన చిప్పుకి గొంతు పలకదన్న సంగతి, అన్నీ తల వంచుకునే చెప్పాడు. ఆవిడ మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది.

"ఆ రోజు నీకు వినబడిందా, లేదా? అది చెప్పు ముందు."

"వినబడలేదు."

పెద్దమ్మ సంచీ కొలికి తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. "చిప్పు కాలితే కాలింది. అదేమన్నా మనిషా? నా చెవులు పోయాయని అందరికీ నేనే ఫోన్లు చేసి చెప్పుకున్నాన్రా. పాపం అని జాలిపడ్డారు. ఆ జాలి కూడా తీసుకున్నాను."

కిర్రుకి క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. చేతనైంది ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిన ఆవిడ చిప్పు మీద ఆ గంతుల పాట ఎప్పుడో పలికించి చూసుకున్నాడు, అబద్ధం చెప్పిన మర్నాడే. అది ఫోన్లో ఉంది. అన్నాళ్ళూ జేబులో పెట్టుకునే తిరిగాడు. తీసి పెట్టాడు.

సంగీతం ఆగింది. "ఇంకోచాలి!" అంది ఫోను, గరగరలాడుతూ, స్పష్టంగా.

పెద్దమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. పెదవులు బిగించింది. కిర్రు ఆశగా ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ అతని వైపు తిరగలేదు. బెంచీ అవతలి కొసన కూర్చుని పత్రిక తిరగేస్తున్న ఒకావిడ వైపు తిరిగింది.

"ఏమండీ, ఇప్పుడు ఈ ఫోన్లో చిన్నపిల్లాడి గొంతు వినబడిందా మీకు?"

"వినబడిందండీ. ఏదో ముద్దుముద్దుగా అరిచాడు," అంది ఆ పత్రిక ఆవిడ నవ్వుతూ. "ఏం, మీకు వినబడలేదా?"

"వినబడింది," అంది పెద్దమ్మ. "పక్కనున్నవాణ్ణి అడిగితే లాభం లేదు, అందుకని మిమ్మల్ని అడిగాను."